గోళ్ళ రంగు పూసిన రైఫిళ్ళు

తుపాకీ కాల్చడం నేర్పేవాడి ఉద్యోగంలో తుపాకీ పేలే సమయం చాలా తక్కువ. మిగతాదంతా ఎదురుచూడటం, ఎండలో టార్గెట్ దాకా నడిచి వెళ్ళి రావటం, పడుకుని గురి చూస్తున్న కుర్రాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవి దగ్గర నెమ్మదిగా మాట్లాడటం. సినిమాలు చూసి ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు ముందు ఈ మాట చదవండి. అప్పటికీ రావాలనిపిస్తే రండి.

ఇది రాయడానికి కారణం ఒక పెళ్ళి భోజనం. పక్క కుర్చీలో కూర్చున్న కుర్రాడికి సైన్యం నుంచి పిలుపు వచ్చిందట. నన్ను ఎగాదిగా చూసి, “అంకుల్, ఆర్మీలో మీ జాబ్ ఏంటి? జస్ట్ షూటింగ్ ఆ?” అన్నాడు. అవును బాబూ, జస్ట్ షూటింగే అని పులిహోర తినడంలో పడ్డాను. ఇంటికొచ్చాక ఆ ‘జస్ట్’ నన్ను గుచ్చుతూనే ఉంది. ఉన్నదున్నట్టు రాసిస్తానని మర్నాడే వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. ఆ కుర్రాడికి తెలుగు చదవడం రాదు, ఆవిడే చదివి వినిపిస్తానంది. నేను తిట్టిన చోట్ల గొంతు తగ్గించవద్దని ఆవిడకి మనవి.

మాది మలేషియాలోని పేరాక్ కొబ్బరి తోటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబం. నాన్న తంజోంగ్ పగార్ రేవులో పనికని సింగపూర్ వచ్చాడు, వెనకాలే మేమూ వచ్చాం. ఇక్కడ ప్రతి మగపిల్లాడూ కొన్నాళ్ళు సైన్యంలో చేసి తీరాలి, వయసు రాగానే అందరు కుర్రాళ్ళలాగే నన్నూ పిలిచారు. తోటివాళ్ళు గడువు తీరగానే ఇంటికి పరిగెత్తారు. నేను ఉండిపోయాను, వారెంట్ ఆఫీసరు దాకా వచ్చాను. మా సైన్యంలో వారెంట్ ఆఫీసరుని సార్ అనరు, ఎన్‌చిక్ అంటారు. మలయ్‌లో అది పెద్దమనిషిని గౌరవంగా పిలిచే మాట. ప్రమోషన్ల కథ ఇంతే, దాన్ని సాగదీస్తే వినేవాళ్ళకి ఆవలింతలు తప్ప ఏమీ రావు.

మర మీద చెయ్యి

రైఫిల్ మీద స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి, బిగించగానే అది పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. స్కోప్ ఒక చోటికి చూస్తుంది, రైఫిల్ గొట్టం ఇంకో చోటికి చూస్తుంది. ఒక తెలిసిన దూరంలో ఆ రెండు చూపులూ ఒకేచోట కలిసేలా సర్దడాన్ని జీరో చేయడం అంటాం. ముందు కొన్ని తూటాలు కాల్చాలి. అవి టార్గెట్ మీద ఎక్కడ పడినా ఫర్వాలేదు, ఒకచోట గుంపుగా పడాలి. గుంపు కుదిరాక స్కోప్ మీద ఉండే చిన్న మరల్ని తిప్పి ఆ గుంపుని మధ్యలోకి తెచ్చుకోవాలి. చెప్పడానికి ఇంతే.

చేసేటప్పుడు మా కుర్రాళ్ళకి ఒక జబ్బు అడ్డం వస్తుంది. నలుగురిలో వెనకబడిపోతామేమోనన్న భయాన్ని ఇక్కడ కియాసు అంటారు. హాకర్ సెంటర్ అనే తిండి దుకాణాల సముదాయంలో టిష్యూ పాకెట్ పడేసి టేబుల్ ఆపుకునేది ఆ కియాసుతోనే, పిల్లవాడిని ఒక ట్యూషన్ నుంచి ఇంకో ట్యూషన్‌కి పరిగెత్తించేది ఆ కియాసుతోనే. కాల్పులు నేర్పే మైదానంలో, అంటే మా రేంజ్‌లో, అది వేళ్ళలోకి దిగుతుంది. ఒక తూటా కాస్త ఎడమకి పడగానే మర కుడికి తిప్పేస్తారు. తర్వాతది కుడికి పోగానే ఎడమకి తిప్పుతారు. గుంపు కుదరకముందే మర తిప్పడం కోడిని పట్టుకోబోయి పెరడంతా తిరగడం లాంటిదే.

ఒక కుర్రాడు గుర్తున్నాడు. చదువులో మహా చురుకైనవాడు, లా చదవబోతున్నవాడు. తూటా తూటాకీ మర తిప్పి తిప్పి చివరికి పక్కవాడి టార్గెట్‌ని కొట్టాడు. తాను కాల్చినదానికంటే ఒక చిల్లు ఎక్కువ కనబడేసరికి పక్కవాడు మహా సంబరపడ్డాడు. నేను వెళ్ళి లా కుర్రాడి మరల మీద టేపు అంటించాను. దాన్ని ముట్టుకుంటే వేలు విరుస్తానన్నాను. ముట్టుకోవడానికి ఏమీ లేకపోయేసరికి పాపం వాడు ఊపిరి మీద దృష్టి పెట్టాడు. గుంపు చక్కగా కుదిరింది. అంత తెలివైనవాడికి తెలివిని కాసేపు పక్కన పెట్టమని చెప్పడమే ఆ రోజు నేను చేసిన పని.

అసలు తప్పు ఆ పిల్లలది కాదని నా అభిప్రాయం. ప్రతి తప్పునీ వెంటనే సరిదిద్దుకోమని చిన్నప్పటి నుంచి నేర్పింది మనమే. ఏది తప్పో తెలిసేదాకా ఓపిగ్గా ఉండమని మాత్రం ఎవరూ నేర్పలేదు. అది నేర్పగలిగినవాడే ఈ పనికి తగినవాడు.

ఎన్‌చిక్ రహ్‌మాన్ కళ్ళజోడు

నాకు పని నేర్పిన పెద్దాయన ఎన్‌చిక్ రహ్‌మాన్. మాటకి ముందు ఒక దగ్గు, మాట తర్వాత ఒక దగ్గు. శిక్షణలో ఉన్న మా అందరికీ ఒక సందేహం ఉండేది. గురి బాగా కుదిరిన ఒక్కడే అందరి రైఫిళ్ళూ జీరో చేసేస్తే సమయం కలిసొస్తుంది కదా, ప్రతివాడూ తన రైఫిల్ తానే ఎందుకు చేసుకోవాలి?

నేనే అడిగాను. ఆయన దగ్గి, తన కళ్ళజోడు తీసి నా ముక్కు మీద పెట్టి, బోర్డు మీద ఉన్నది చదవమన్నాడు. నాకు బోర్డే కనబడలేదు. “ఎందుకు కనబడదు? నాకు బ్రహ్మాండంగా కనబడుతోందే” అన్నాడు. అంతే, పాఠం అయిపోయింది. ఒక్కొక్కడి చెంప ఒక్కోచోట ఆనుతుంది, ఒక్కొక్కడి కన్ను ఒక్కోలా చూస్తుంది. ఎవడి రైఫిల్ వాడికే జీరో అవుతుంది. నాకు తెలిసిన మంచి శిక్షకులెవరూ కుర్రాడి చేతిలో నుంచి రైఫిల్ లాక్కుని ‘ఇలా’ అని కాల్చి చూపించరు. అలా చూపించేవాడికి నేర్పడం కంటే మెప్పు ఎక్కువ ఇష్టం.

బాసుల గురించి కూడా ఒక మాట. మార్కుల కోసం నన్ను తరిమినవాళ్ళు కొందరున్నారు. ఎంతమంది పాసయ్యారు, పక్క కంపెనీలో ఎంతమంది అని వాళ్ళ గొడవంతా అదే. మెరుపుల హెచ్చరిక వచ్చి రేంజ్ ఆగిపోతే ఆకాశం మీద కూడా విసుక్కునేవారు. మంచివాళ్ళు వేరే ప్రశ్న అడిగేవారు: ఇవాళ ఎవరికి ఇబ్బందిగా ఉంది, ఎందుకని. ఈ రెండో రకం తక్కువ. దొరికితే వదులుకోకండి.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. నేను జీరో చేయించి విదేశాలకి పంపిన రైఫిళ్ళు చాలావరకు అక్కడ ఎవరి మీదా పేలకుండానే తిరిగొచ్చాయి. అయితే మీ కష్టమంతా వృథాయే కదా అని మా బావమరిది నవ్వుతాడు. వాడికి ఇన్సూరెన్స్ అమ్మే ఉద్యోగం, వాడే అలా అంటే ఏం చెప్పను? ఆ రైఫిల్ పట్టుకుని కాపలా కాసినవాడు, అవసరమైతే తన తూటా ఎక్కడికి పోతుందో తెలిసి నిలబడ్డాడు. తెలిసినవాడికి చేతులు వణకవు, వణకనివాడు తొందరపడి కాల్చడు. ఆ నిబ్బరం నేను ఇచ్చాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

సోకు చేసుకున్న తుపాకులు

జీరో అయిపోయాక స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే మరసీల మీదుగా, కింది పట్టీ దాకా ఒక చిన్న రంగు గీత గీస్తాం. మరసీల వదులైనా, ఎవరైనా స్కోప్‌ని విప్పినా ఆ గీత రెండుగా విరిగిపోతుంది. చూడగానే తెలిసిపోతుంది. ఎవరికి తోచిన రంగు వాళ్ళు వాడతారు. నేను మా ఆవిడ గోళ్ళ రంగు వాడేవాణ్ణి, ముదురు ఎరుపు. త్వరగా ఆరుతుంది, వానకి పోదు, సీసాలోనే కుంచె ఉంటుంది. “నా గోళ్ళకంటే ఆ తుపాకులే ఎక్కువ సోకు చేసుకుంటున్నాయి” అని ఆవిడ సణిగేది, మళ్ళీ కొత్త సీసా కొనిపెట్టేది. మీసాలున్న మనిషి సంచిలో నుంచి గోళ్ళ రంగు తీయడం చూసి కుర్రాళ్ళు పక్కకి తిరిగి నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు, గీతని మాత్రం మరిచిపోయేవారు కాదు.

ఇక శుభ్రం సంగతి. ఈ దేశంలో సైన్యం చూసొచ్చిన ఏ మగవాణ్ణి అడిగినా మొదట చెప్పేది కాల్చడం గురించి కాదు, తుడవడం గురించి. కాల్చి వచ్చాక నేల మీద కూర్చుని రైఫిల్‌ని ముక్కలుగా విప్పి, ఇయర్ బడ్లతో సందు సందూ తుడుస్తారు. పైవాడు వచ్చి ఏదో మూల వేలు పెట్టి, ఆ వేలు చూపించి, మళ్ళీ తుడవమంటాడు. అలా తుడిచి తుడిచి, కనబడే మురికే పెద్ద ప్రమాదమన్న నమ్మకం వాళ్ళ రక్తంలోకి ఎక్కిపోతుంది. శుభ్రం మంచిదే. దానికి హద్దు ఎక్కడో చెప్పడం మాత్రం మేమే మరిచిపోయాం.

నిటారుగా ఉన్న గీత

నేను రిటైరవడానికి కొద్ది కాలం ముందు, మావాళ్ళ జట్టు ఒకటి దూరదేశంలో ఒక ఎండు కొండ ప్రాంతానికి బయలుదేరింది. అక్కడి వైద్య శిబిరానికి కాపలా వాళ్ళ పని. జట్టు పెద్ద కెప్టెన్ వోంగ్. జట్టులో స్కోప్ రైఫిళ్ళు మూడు. వాటిని పట్టేది సార్జెంట్ చరణ్, హజీక్, జున్ వెయ్ అనే ముగ్గురు కుర్రాళ్ళు. వాళ్ళకి నేర్పింది నేనే.

చరణ్ మన తెలుగు పిల్లాడు. వాళ్ళ నాన్న ఓడల యార్డులో ఇంజనీరు, అమ్మది నెల్లూరు వైపు, ఇల్లు సింగపూర్‌లోనే హౌగాంగ్‌లో. మా ఇద్దరి మాటలు తెలుగులో మొదలై ఇంగ్లీషులో తేలేవి. మధ్యలో ఇక్కడి మాటలూ దొర్లేవి: తిండికి మకాన్, మాట చివర ఊతంగా ఒక ‘లా’. అంతకుముందు ఇలాంటి ప్రయాణమే ఒకటి చీలమండ విరిగి తప్పిపోయింది వాడికి. ఈసారి పేరు వచ్చినప్పటి నుంచి నేల మీద నడవలేదు. వాడి చోటుకి ఇంకో కుర్రాడు కూడా శిక్షణ పొంది సిద్ధంగా ఉన్నాడు, ఎవరికైనా జ్వరమొస్తే పనికొస్తాడని. ఆ సంగతి చరణ్‌కి క్షణం కూడా మరుపు లేదు.

రేంజ్‌లో మూడు రైఫిళ్ళూ చక్కగా జీరో అయ్యాయి. నా ఎర్ర గీతలు గీసి ఆయుధాల గదికి పంపాను. ప్రయాణానికి ముందురోజు సాయంత్రం వీడ్కోలు పరేడ్. ఒక పెద్దాఫీసరు వచ్చి ఒక్కొక్కరినీ చూస్తాడు, తల్లిదండ్రులు కూడా వస్తారు. ఆ ఉదయం చివరిసారి చూద్దామని ఆయుధాల గదికి వెళ్ళాను. ముగ్గురూ అక్కడే ఉన్నారు, వాళ్ళ సంచులన్నీ గోడ వారగా కట్టి ఉన్నాయి. రైఫిళ్ళు ఎంత మెరుస్తున్నాయంటే అద్దం అక్కర్లేదు, గడ్డం గీసుకోవచ్చు. స్కోప్ దగ్గర గీత కూడా ఉంది.

గీత నిటారుగా ఉంది. నా గీత ఎప్పుడూ నిటారుగా ఉండదు, అది చూసి మా ఆవిడ కూడా నవ్వేది. పైగా నా ఎరుపు ముదురు, ఇది గులాబీ.

ఈ గీత ఎవరు గీశారని అడిగాను. చరణ్ ముందుకొచ్చాడు, మొహం వెలిగిపోతోంది. పాత గీత మురికి పట్టి అంచులు ఊడిపోయిందట. అందుకని తుడిచేసి, వాళ్ళమ్మ నెయిల్ పాలిష్ తెచ్చి నీట్‌గా వేశాడట. మెచ్చుకుంటానని ఎదురుచూస్తున్నాడు. పరేడ్ గ్రౌండ్ మీద తెల్ల గీతలకి రంగు వేసినట్టే ఇదీ అనుకున్నాడు. కావాలని మోసం చేసినవాడు నా ముందుకి అంత ఉత్సాహంగా రాడు.

“స్కోప్ తీశావా?” అన్నాను.

మొహంలో వెలుగు ఆరిపోయింది. నేను ఎందుకు అడిగానో ఆ క్షణంలో వాడికి అర్థమైంది. మీకూ అర్థం కావాలి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. స్కోప్ ముట్టుకోకుండా గీత ఒక్కటే తుడిచి ఉంటే జీరో చెక్కు చెదరదు, బాధే లేదు. స్కోప్ విప్పి మళ్ళీ బిగించి ఉంటే అది వెంట్రుకవాసి పక్కకి కూర్చుని ఉండవచ్చు. కంటికి తెలియదు, తూటాకి తెలుస్తుంది. ఏది జరిగిందో చెప్పాల్సిన గీతని వాడు కొత్తగా గీసేశాడు. ఇప్పుడు ‘తీయలేదు ఎన్‌చిక్’ అంటే చాలు, పట్టుకునే దారి నాకు లేదు. తీశానంటే వాడి ప్రయాణం పోవచ్చు. వాడు ఒకసారి గోడ వారగా ఉన్న సంచుల వైపు చూశాడు.

“తీశాను, ఎన్‌చిక్” అన్నాడు. “మూడూ తీశా. కింద ఆయిల్, మట్టి ఉన్నాయి. మళ్ళీ సేమ్ గాట్లో పెట్టి టైట్ చేశా. వీళ్ళిద్దరూ మకాన్‌కి పోయారు అప్పుడు. వీళ్ళకి తెలీదు. నేనొక్కణ్ణే లా.”

నాకు కోపం నషాళానికి అంటింది. నా పనంతా నీళ్ళపాలు చేశాడు, అదీ ఇయర్ బడ్డుతో. నోటికొచ్చినంత తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను, చరణ్ వాళ్ళమ్మ కూడా ఇది చదవొచ్చు. తిడుతున్నంతసేపూ నా మనసులో ఇంకో మాట కూడా ఉంది: వీడు నా శిష్యుడు, నిజం చెప్పాడు. అది పైకి అనడానికి అప్పుడు సమయం కాదు.

ఏమో

కెప్టెన్ వోంగ్ చెడ్డవాడు కాదు. సాయంత్రం పెద్దాఫీసరు వస్తాడు, తల్లిదండ్రులు వస్తారు, తెల్లవారితే విమానం. ఆ రోజుకి రేంజ్ మా పేరు మీద లేదు, బయట వాన పడి వెలిసింది. అలాంటి పూట ఒక వారెంట్ ఆఫీసరు వచ్చి మూడు రైఫిళ్ళు పనికిరావంటే ఎవరికైనా తల తిరుగుతుంది. అదే గాట్లో పెట్టి బిగించాడు కదా అన్నాడు. ఎలాగూ అక్కడికి వెళ్ళాక ఇంకోసారి సరిచూసుకుంటారు కదా అన్నాడు. నిజమే, సరిచూసుకుంటారు. కానీ దిగిన రోజే కాపలా మొదలవుతుంది, కాల్చి చూసుకునే చోటు కుదిరేది ఆ తర్వాతెప్పుడో.

“జీరో కదిలిందని గట్టిగా చెప్పగలరా, ఎన్‌చిక్?”

“చెప్పలేను, సార్.”

“అయితే కదల్లేదేమో.”

“కదల్లేదేమో. ఆ ఏమోని నేను విమానం ఎక్కనివ్వను, సార్.”

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. తెలియనిదాన్ని తెలియదు అని చెప్పడానికే మీకు జీతం. తెలిసినట్టు తల ఊపితే పైవాళ్ళకి ఆ పూటకి హాయిగా ఉంటుంది. ఎక్కడో కొండ మీద నిలబడ్డవాడికి ఉండదు.

చివరికి కెప్టెన్, మీరు రేంజ్ సంపాదించగలిగితే తీసుకెళ్ళండి అన్నాడు. వెనక్కి తిరిగిన నన్ను మళ్ళీ పిలిచి, చరణ్ సంగతి పరేడ్ అయ్యాక చూస్తానన్నాడు. అడగకుండా ముగ్గురి రైఫిళ్ళ మీద చెయ్యి వేసినవాణ్ణి అంత దూరం పంపాలా వద్దా అని ఆయన సందేహం. ఆ సందేహం తప్పని నేను అనలేకపోయాను. పంపండి సార్ అని మాత్రం అన్నాను.

ఆ రోజు రేంజ్ వేరే యూనిట్‌ది. ఫోన్ చేసి బతిమాలాను. వాళ్ళ ఆఫీసరు మంచివాడు, మావాళ్ళు సాయంత్రం మకాన్‌కి వెళ్ళినంతసేపు మీరు వాడుకోండి అన్నాడు. అలా ఇంకొకరి అన్నం వేళలో మేం రేంజ్‌లో దిగాం. దూరంగా మబ్బులు కమ్ముతున్నాయి. మెరుపుల హెచ్చరిక మోగితే అంతా ఆగిపోతుంది. ముగ్గురూ తడి నేల మీదే బోర్లా పడుకున్నారు. పరేడ్ కోసం ఇస్త్రీ చేసిన బట్టలు అవే.

మొదట చరణ్. గుంపు ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే పడింది, వాడి రైఫిల్ కదల్లేదు. జున్ వెయ్‌ది కూడా కదల్లేదు. ఇక హజీక్. గుంపు ముచ్చటగా కుదిరింది, కానీ మధ్య నుంచి చెయ్యంత పక్కకి కుదిరింది. ఆ దూరానికే చెయ్యంత అయితే ఇంకా దూరం పోయేకొద్దీ మనిషంత అవుతుంది.

హజీక్ టార్గెట్ వైపు చూసి, చరణ్‌తో, “ఏయ్ బ్రో, నీది ఎక్కడికీ పోలే, నాది మాత్రం పారిపోయింది ఆ?” అన్నాడు. నవ్విద్దామనే అన్నాడు. చరణ్ నవ్వలేదు, ఆ టార్గెట్ వంకే చూస్తూ ఉండిపోయాడు. వాడు ఏం చూస్తున్నాడో నాకు తెలుసు. పొద్దున అబద్ధం ఆడి ఉంటే వాడికి ఏమీ అయ్యేది కాదు. పక్కన నిలబడేవాడికి అయ్యేది.

హజీక్ నెమ్మదిగా తన మర తిప్పుకున్నాడు. తొందరపడలేదు, గుంపు చూశాకే తిప్పాడు. ఉరుములు దగ్గరయ్యే లోపల మూడూ ఖాయమయ్యాయి. నా ఎర్ర సీసా తీసి వంకర గీతలు గీశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పరేడ్

శుభ్రం చేసే వ్యవధి లేదు, ఉన్నా నేను ముట్టనిచ్చేవాణ్ణి కాదు. నేరుగా పరేడ్‌కి వెళ్ళాం. వరసలో మిగతావాళ్ళంతా ఇప్పుడే పెట్టెలో నుంచి తీసిన బొమ్మల్లా ఉన్నారు. మధ్యలో మా ముగ్గురు, మోచేతులకీ ఛాతీకీ బురద, రైఫిళ్ళకి మసి. తల్లిదండ్రుల వరసలో గుసగుసలు మొదలయ్యాయి. కెప్టెన్ వోంగ్ నా వైపు చూడకుండా తిన్నగా నిలబడ్డాడు.

పెద్దాఫీసరు ఒక్కొక్కరినీ పలకరిస్తూ వచ్చి చరణ్ దగ్గర ఆగాడు. రైఫిల్ చూశాడు, మోచేతులు చూశాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ప్రతి మాటా వినబడింది. ఇది ఎందుకిలా ఉంది అని అడిగాడు. గొంతులో కోపం లేదు, కానీ జవాబు కావాలన్న పట్టుదల ఉంది.

ఇక్కడ కూడా తప్పించుకునే దారి ఉంది. ‘రేంజ్ నుంచి ఇప్పుడే వచ్చాం సార్’ అంటే అబద్ధం కాదు, సరిపోతుంది. చరణ్ అలా అనలేదు. క్లీన్ చేద్దామని నేనే స్కోప్ విప్పాను, అది తప్పు, అందుకే మళ్ళీ జీరో చేసి వస్తున్నాం అని అంతా చెప్పాడు, కెప్టెన్ వింటుండగానే. వాడి ప్రయాణం కెప్టెన్ చేతిలో ఉందని వాడికి తెలుసు.

“ఇప్పుడు ఎక్కడ తగులుతుంది?” అన్నాడు పెద్దాఫీసరు.

“నేను చూసిన చోట, సార్.”

పెద్దాఫీసరు తల ఊపి పక్కవాడి దగ్గరికి వెళ్ళాడు. ఉద్యోగంలో నాకు వచ్చిన పతకాలు ఇంట్లో ఎక్కడ ఉన్నాయో మా ఆవిణ్ణి అడగాలి. ఆ జవాబు మాత్రం ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. అంత గర్వం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

పరేడ్ ముగిశాక కెప్టెన్ వోంగ్ నా పక్కగా నడిచి వెళుతూ ఆగాడు. “రేపు చరణ్ వెళ్తున్నాడు, ఎన్‌చిక్” అని, జవాబు కోసం చూడకుండా వెళ్ళిపోయాడు.

టీ బల్లల దగ్గర చరణ్ వాళ్ళమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కొడుకు అక్కడే, హజీక్ వాళ్ళ నాన్నతో మాట్లాడుతున్నాడు. అందరి ఫోటోల్లోనూ పిల్లలు తళతళలాడుతుంటే తన పిల్లాడు బురదలో నిలబడినందుకు ఆవిడకి తల కొట్టేసినట్టుంది. నీళ్ళ సీసాతో రుమాలు తడిపి చేతిలో పట్టుకుని ఉంది, వాడి మోచేతులు తుడుద్దామని.

“అన్నయ్యగారూ, అందరూ శుభ్రంగా ఉంటే మావాడేంది ఇట్టా ఉండాడు?” అంది. తర్వాత గొంతు తగ్గించి, “తప్పేమన్నా చేశాడా?” అంది.

“చేశాడమ్మా. అడగ్గానే ఒప్పుకున్నాడు కూడా. అందుకే పంపుతున్నాం” అన్నాను.

ఆవిడ తిరిగి కొడుకు మోచేతుల వైపు చూసింది. తర్వాత ఆ తడి రుమాలు మడిచి సంచిలో పెట్టేసుకుని, వాణ్ణి అలాగే రమ్మని పిలిచి, నా చేతికి ఫోనిచ్చి ఫోటో తీయమంది.